జీపీఎస్‌లో ఏ మ్యాపు వేసుకోవాలి? (వెనక రెండొందల ఏళ్ళ కథ)

కొత్తగా చేతిలో పట్టుకునే జీపీఎస్ కొన్న ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇందులో ఏ మ్యాపు వేసుకోవాలి?" అమెరికాలో ఉన్న మనవాళ్ళు అడిగితే జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో అడిగితే మాత్రం "టీ తాగుతూ చెప్తా, కూర్చో" అనాల్సి వస్తుంది. ఎందుకంటే మన దగ్గర ఈ ప్రశ్నకి జవాబు మెనూల్లోనూ సెట్టింగుల్లోనూ లేదు, చరిత్రలో ఉంది.

ముందు ఒక సంగతి స్పష్టంగా అనుకుందాం. జీపీఎస్ రిసీవరు మనకిచ్చేది రెండు అంకెలు, అక్షాంశం, రేఖాంశం. కావాలంటే ఎత్తు కూడా. అంతే. మన ముందు లోయ ఉందా, వాగు దాటితే దారి ఉందా, ఆ కొండకి అవతలి వైపు నిలువు బండా లేక మెల్లగా దిగే వాలా, ఇవేవీ ఉపగ్రహానికి తెలియవు. అవి చెప్పాల్సింది మ్యాపు. సిటీలో అయితే రోడ్ల మ్యాపుతో పనైపోతుంది. అడవిలో, కొండల్లో కాంటూరు గీతలున్న టోపోగ్రాఫిక్ మ్యాపు కావాలి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీతలే కాంటూర్లు. అవి దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరం దూరంగా ఉంటే చదును. హైస్కూల్లో సోషల్ మాస్టారు చెప్పే ఉంటారు, మనం మార్కుల కోసం చదివి మర్చిపోయుంటాం.

ఆ గీతలు ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక అవసరానికి గీసినవి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకి జవాబు తెలిస్తే ఆ మ్యాపు ఎక్కడ నిజం చెప్తుందో, ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో ముందే ఊహించొచ్చు. నేను చెప్పదల్చుకున్నది ఇదే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

రెండు దేశాల సంగతి

ఇలాంటి మ్యాపులు చాలావరకు మొదట్లో సైన్యం కోసమే పుట్టాయి. స్కాట్లండులో 1745లో తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణిచేశాక, ఆ కొండల్లో సైన్యం నడవాలంటే మ్యాపు కావాలని 1747లో అక్కడ సర్వే మొదలెట్టారు. తర్వాత ఫ్రాన్సు దండెత్తుతుందేమోనన్న భయం. 1791లో ఆర్డ్‌నెన్స్ సర్వే పుట్టింది, 1801లో మొదటి మ్యాపుగా కెంట్ ప్రాంతానిది అచ్చయింది. ఆర్డ్‌నెన్స్ అంటేనే ఫిరంగులూ మందుగుండూ చూసే శాఖ. పేరులోనే సైన్యం ఉంది. కానీ 1919కి వచ్చేసరికి అదే సంస్థ తన మ్యాపు అట్ట మీద కొండ మీద కూర్చుని మ్యాపు చూసుకుంటున్న ఒక మామూలు మనిషి బొమ్మ వేసి అమ్మింది. సైనికుడి మ్యాపు ఆదివారం షికారు వెళ్ళేవాడి చేతికి వచ్చిందన్నమాట.

అమెరికా ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ జియొలాజికల్ సర్వే 1879లో మొదలైంది. ఫెడరల్ ప్రభుత్వం తయారుచేసిన వాటికి అక్కడ కాపీరైటు ఉండదు. దాంతో 1:24,000 స్కేలులో, అంటే ఒక సెంటీమీటరుకి 240 మీటర్ల లెక్కన, యాభై వేల పైచిలుకు షీట్లు ఎవరైనా వాడుకునేలా తయారయ్యాయి. 2009 నుంచి అయితే కొత్త షీట్లు నెట్‌లో ఉచితం. జీపీఎస్ కంపెనీలు అమ్మే టోపో మ్యాపులకైనా, ఊరికే దొరికేవాటికైనా ఆ దేశంలో అడుగున ఉన్న పునాది ఇదే. యోసెమిటీకి వెళ్ళే మన తెలుగువాళ్ళకి జవాబు ఒక్క ముక్కలో అయిపోవడానికి కారణం కూడా ఇదే.

మరి మన సంగతేంటి? మనకేమైనా సర్వే ఆలస్యంగా మొదలైందా అంటే, అదీ కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1767 నాటిది. ఆర్డ్‌నెన్స్ సర్వే కన్నా 24 ఏళ్ళు పెద్దది!

గుత్తి, బీదరు, ఎల్లాపురం

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి నేల మీద ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసుతో, సుమారు ఏడున్నర మైళ్ళు. దానికే రెండు నెలల దాకా పట్టింది. ఎండకి గొలుసు సాగితే లెక్క తప్పుతుందని థర్మామీటర్లు పెట్టి మరీ కొలిచారు. ఒక్క గీత కచ్చితంగా తెలిస్తే, దాని రెండు కొసల నుంచి దూరంగా ఉన్న కొండ మీది జెండాకి కోణాలు కొలిచి, త్రిభుజం లెక్కతో ఆ కొండ ఎంత దూరమో చెప్పొచ్చు. ఆ త్రిభుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అలా అల్లుకుంటూ పోయారు. మధ్య మధ్యలో లెక్క సరిచూసుకోడానికి మళ్ళీ గొలుసుతో గీత కొలిచేవారు. అలా కొలిచిన చోట్లలో మన అనంతపురం జిల్లా గుత్తి ఒకటి (1811). తర్వాత నిజాం రాజ్యంలోని బీదరు దగ్గర ఇంకోటి (1815).

కోణాలు కొలిచే థియోడలైటు బరువు అర టన్ను. దాన్ని కొండ మీదకి, కొండ లేకపోతే గుడి గోపురం మీదకి ఎక్కించాలి. 1808లో తంజావూరు గోపురం మీదకి లాగుతుండగా తాడు తెగి గుద్దుకుంది, పరికరం వంకరపోయింది. లాంబ్టన్ దాన్ని విప్పి, స్వయంగా సరిచేసుకుని మళ్ళీ పని మొదలుపెట్టాడు.

1818లో ఈ పనికి గ్రేట్ ట్రిగనొమెట్రికల్ సర్వే అని పేరు పెట్టారు. ఆ ఏడాది చివర్లోనే లాంబ్టన్‌కి సహాయకుడిగా ఒక కుర్ర అధికారి హైదరాబాదు వచ్చాడు. పేరు జార్జి ఎవరెస్టు. అవును, ఆ ఎవరెస్టే. ఆయన్ని కృష్ణా గోదావరుల మధ్య ఉన్న అడవుల్లోకి పంపారు. 1819 వానాకాలంలో ఎల్లాపురం అడవిలో జ్వరాలు పట్టుకున్నాయి. ఒకరికీ ఇద్దరికీ కాదు, మొత్తం బృందానికి. మోసుకుని హైదరాబాదు చేర్చాల్సి వచ్చింది. కొందరు దారిలోనే పోయారు. ఎవరెస్టు కోలుకోడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్ళి వచ్చాడు. ఆ జెండాలు పట్టుకున్నవాళ్ళు, చెట్లు నరికి చూపు సాగేలా దారి చేసినవాళ్ళు, గొలుసు లాగినవాళ్ళు కేప్‌కి వెళ్ళలేదు. వాళ్ళ పేర్లు కూడా మనకి లేవు. ఒక శిఖరానికి అధికారి పేరు మిగిలింది, ఖలాసీల పేరు ఒక్క గుట్టకి కూడా లేదు.

లాంబ్టన్ 1823 జనవరిలో, పనిలో ఉండగానే, మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ దగ్గర చనిపోయాడు. ఎవరెస్టు దాన్ని హిమాలయాల అడుగుదాకా లాక్కెళ్ళి 1843లో రిటైరయ్యాడు. రాధానాథ్ సిక్దార్ లెక్కలు, పీక్ 15, 29,002 అడుగులు, ఇవన్నీ ఆ తర్వాతి కథ. మనందరికీ తెలిసిందే.

ఎవరెస్టు మీ జీపీఎస్‌లో ఇంకా ఉన్నాడు

ఇక్కడే ఇంజినీర్లకి పనికొచ్చే విషయం ఉంది. భూమి గుండ్రంగా లేదు, కాస్త నొక్కేసిన బంతిలా ఉంటుంది. ఎంత నొక్కారు అన్నది తెలిస్తే తప్ప అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టలేం. ఎవరెస్టు 1830లో, ఈ కొలతల ఆధారంగానే, భూమి ఆకారానికి ఒక లెక్క తేల్చాడు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,377.276 కిలోమీటర్లు. మన సర్వే మ్యాపులన్నీ నూటయాభై ఏళ్ళకి పైగా ఆ ఆకారం మీదే, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్‌ని మూలబిందువుగా పెట్టుకుని, నడిచాయి.

జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ఆకారం. దాని వ్యాసార్థం 6,378.137 కిలోమీటర్లు. తేడా 861 మీటర్లు. గొలుసులతో, అర టన్ను థియోడలైటుతో కొలిచి, మొత్తం భూమి సైజు చెప్పి, అంత దగ్గరగా రావడం మామూలు విషయం కాదు. కానీ రెండు ఆకారాలూ వేరు, వాటి కేంద్రాలు కూడా వేరు. కాబట్టి పాత టోపోషీటు మీద రాసిన అక్షాంశ రేఖాంశాలు, జీపీఎస్ చూపించే అక్షాంశ రేఖాంశాలు ఒకే చోటుకి ఒకటి కావు. హైదరాబాదు ప్రాంతంలో ఈ తేడా నూరు నుంచి రెండొందల మీటర్ల మధ్య వస్తుంది.

మైదానంలో అయితే నూటయాభై మీటర్లు ఏ మూలకి? కానీ నల్లమల లాంటి చోట అది వాగుకి ఇవతలి గట్టుకీ అవతలి గట్టుకీ ఉన్న తేడా. శిఖరానికీ దాని పక్కనున్న లోయకీ ఉన్న తేడా. కాబట్టి పాత షీటు స్కాన్ దొరికిందని సంబరపడి మూలల అంకెలు యథాతథంగా కొట్టేసి జీపీఎస్‌లోకి ఎక్కించకూడదు. స్కాన్‌ని మ్యాపుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి "ఇది ఎవరెస్టు డేటమ్" అని చెప్పాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలంటే ఇది టైమ్ జోన్ రాయకుండా టైమ్‌స్టాంపు పంపడం లాంటిది. అంకె సరైనదే, అర్థం తప్పు.

నంబర్ల వెనక నేల

1905 తర్వాత సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటికీ రంగుల్లో కొత్త టోపోషీట్లు వెయ్యడం మొదలుపెట్టింది. మొదట్లో అంగుళానికి మైలు స్కేలు. దేశం మెట్రిక్ పద్ధతికి మారాక 1:50,000. నంబర్లిచ్చే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగు డిగ్రీలకి నాలుగు డిగ్రీల గడికి ఒక నంబరు. దాన్ని పదహారు చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలు. మళ్ళీ ఒక్కోదాన్ని పదహారు చేసి 1 నుంచి 16 దాకా అంకెలు. చార్మినార్ ఉన్న షీటు 56 కె/7. ఉప్పల్ దాని పక్క షీటు, 56 కె/11. సర్వే వాళ్ళకి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఉన్నది ఆ ఉప్పల్లోనే. ఒక్కో షీటులో ఇంచుమించు 27 కిలోమీటర్లకి 27 కిలోమీటర్ల నేల ఉంటుంది. దేశం మొత్తానికి ఇలాంటివి ఐదు వేల పైచిలుకు.

ఈ షీట్ల మీద మామూలుగా 20 మీటర్లకి ఒక కాంటూరు. ఊళ్ళు, బావులు, గుళ్ళు, చెరువు కట్టలు, బండి బాటలు, కాలిబాటలు, వాగు పేర్లు, అడవి హద్దులు, అన్నీ ఉంటాయి. నిలువు బండ ఉంటే దానికి ప్రత్యేకమైన గుర్తు. ఆ గుర్తు ఉండటం ఎంత ముఖ్యమో కాసేపట్లో చెప్తాను.

దీనికో హద్దు కూడా ఉంది. 1:50,000 మ్యాపులో పెన్సిలు గీత మందం అర మిల్లీమీటరు అనుకుంటే, నేల మీద అది 25 మీటర్లు. జీపీఎస్ మంచి ఆకాశం కింద 5 మీటర్ల దాకా చెప్పగలదు. స్క్రీను మీద జూమ్ చేసుకుంటూ పోతే బాట ఎక్కడుందో అంగుళాల్లో తెలిసినట్టు అనిపిస్తుంది. అది భ్రమ. జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొలత మెరుగవ్వదు.

బీరువాలో పెట్టి తాళం

ఇంత కష్టపడి గీసిన మ్యాపులు స్వతంత్రం వచ్చాక జనం చేతికి రావాలి కదా? జరిగింది అది కాదు. 1962 చైనా యుద్ధం తర్వాత రక్షణ శాఖ పట్టు బిగించింది. దేశ సరిహద్దు నుంచీ సముద్ర తీరం నుంచీ సుమారు 80 కిలోమీటర్ల లోపలి దాకా ఉన్న వివరమైన షీట్లని నియంత్రిత జాబితాలో పెట్టారు.

తీరం నుంచి 80 కిలోమీటర్లు అంటే ఏంటో ఒక్కసారి ఊహించుకోండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. విశాఖలో పుట్టి పెరిగినవాడికి సింహాచలం కొండ మ్యాపు కొనుక్కునే వీల్లేదు! హిమాలయాల్లో ట్రెక్కింగ్ చేసేవాళ్ళ సంగతి సరేసరి. వాళ్ళు వెళ్ళే చోటంతా సరిహద్దే. ఎక్కడైతే మ్యాపు లేకపోతే ప్రాణం మీదకి వస్తుందో, సరిగ్గా అక్కడే మ్యాపు లేదు.

శత్రువుకి తెలియకూడదనే కదా, దేశ భద్రత కన్నా మన సరదా ఎక్కువా అని ఎవరైనా అడగొచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఆర్మీ బంకర్లూ రాడార్లూ దాచాల్సిందే, అందులో వాదన లేదు. కానీ కొండలు దాచగలమా? దీనికి జవాబు బ్రిటిషువాళ్ళ కాలంలోనే ఉంది. టిబెట్ తన దేశంలోకి పరాయివాళ్ళని రానిచ్చేది కాదు. అయితే ఏమైంది? నైన్‌సింగ్ అనే కుమావూ ప్రాంతపు పండితుణ్ణి యాత్రికుడి వేషంలో పంపారు. 108 పూసలుండాల్సిన జపమాలలో వంద పూసలే. వంద అడుగులకి ఒక పూస జరుపుకుంటూ, ప్రార్థన చక్రంలో కాగితాలు దాచుకుంటూ, 1866లో లాసా చేరి దాని స్థానం తేల్చాడు. ఇప్పుడు మన జీపీఎస్‌లో ట్రాక్‌లాగ్ అంటున్నామే, అది నైన్‌సింగ్ పూసలతో చేశాడు.

సరిగ్గా అదే మనకీ జరిగింది. సోవియట్ జనరల్ స్టాఫ్ ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ప్రపంచమంతటికీ రహస్యంగా మ్యాపులు గీసింది, మన దేశంతో సహా. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీసు 1950లలో భారత్, పాకిస్తాన్‌లకి యూ502 అనే వరసలో 1:250,000 షీట్లు వేసింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ రహస్య మ్యాపులు లాట్వియా లాంటి చోట్ల బజారుకొచ్చాయి. అమెరికన్ షీట్లని టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టింది. 2000ల్లో మన ట్రెక్కింగ్ వాళ్ళ జీపీఎస్‌లలో తిరిగినవి చాలావరకు ఇవే. అంటే మన కొండ మన ప్రభుత్వం చూపించలేదు గానీ, మాస్కో వాడూ టెక్సాస్ వాడూ చూపించారు. శత్రువు అనుకున్నవాడి దగ్గర అన్నీ ఉన్నాయి, లేనిదల్లా మన దగ్గరే.

ఆ యూ502 షీట్లు ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు, అందుకని ఒక హెచ్చరిక. అవి 1950ల నాటి నేల. నాగార్జునసాగర్ నుంచి నీళ్ళు వదిలింది 1967లో. శ్రీశైలం జలాశయం 1980లలో నిండింది. ఆ మ్యాపులో కృష్ణ ఒడ్డున కనిపించే ఊళ్ళు, దారులు కొన్ని ఇప్పుడు నీళ్ళ అడుగున ఉన్నాయి. మ్యాపు కింద మూలలో చిన్న అక్షరాల్లో ఉండే సర్వే సంవత్సరం చదవకుండా ఏ మ్యాపునీ నమ్మకండి.

2000: ఒకే ఏడాది రెండు సంగతులు

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ 11 రోజుల పాటు భూమి చుట్టూ తిరిగి, రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. 60 డిగ్రీల ఉత్తరం నుంచి 56 డిగ్రీల దక్షిణం దాకా. దీన్నే ఎస్ఆర్‌టీఎం అంటారు. ఎల్లాపురం లేదు, జ్వరాలు లేవు, అనుమతులు లేవు. లాంబ్టన్, ఎవరెస్టులు నలభై ఏళ్ళు కొలిచిన దేశం మీదుగా నిమిషాల్లో వెళ్ళిపోయింది. ఆ డేటా 2003 నుంచి 90 మీటర్లకో పాయింటు చొప్పున, 2014 నుంచి 30 మీటర్లకో పాయింటు చొప్పున అందరికీ ఉచితంగా వచ్చింది.

అదే ఏడాది మే 2న అమెరికా జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలుపుతున్న తప్పుని ఆపేసింది. అంతకుముందు మామూలు జనానికి వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. రాత్రికి రాత్రి అది పది ఇరవై మీటర్లకి దిగింది. చేతిలో పట్టుకునే జీపీఎస్‌ నిజంగా పనికొచ్చే వస్తువైంది ఆ రోజు నుంచే.

2004లో ఇంగ్లండులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పుట్టింది. ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు బాగున్నా, డేటా వాడుకోవాలంటే లైసెన్సులూ డబ్బులూ. "అయితే మనమే నడిచి గీసుకుందాం" అన్నారు. ఇక్కడో తమాషా ఉంది. 2005 మే నెలలో మన ప్రభుత్వం జాతీయ మ్యాపుల విధానం ప్రకటించింది. సైన్యానికి ఒక వరస, జనానికి ఒక వరస. జనానికిచ్చే వరస డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటుంది, అంటే జీపీఎస్‌తో నేరుగా కుదురుతుంది. దాని పేరు ఓపెన్ సిరీస్ మ్యాప్స్. పొడి అక్షరాల్లో ఓఎస్ఎం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా ఓఎస్ఎమ్మే! ఒకటి రక్షణ శాఖ చూసి సరే అన్నాక షీటు షీటుగా వచ్చేది, ఇంకోటి ఎవరికి తోచింది వాళ్ళు ఆ సాయంత్రమే ఎక్కించేది. ఏది ముందు నిండిందో చెప్పక్కర్లేదు :-)

తర్వాత కథ ముందుకీ వెనక్కీ నడిచింది. 2016లో ఒక బిల్లు ముసాయిదా వచ్చింది. అనుమతి లేకుండా మ్యాపు సమాచారం సేకరించినా పంచినా వంద కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ళ దాకా జైలు. గొడవ లేచాక అది చట్టం కాలేదు. 2017లో సర్వే ఆఫ్ ఇండియాకి 250 ఏళ్ళు నిండిన సందర్భంగా నక్షే అనే పోర్టల్ పెట్టి 1:50,000 షీట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. లాగిన్‌కి ఆధార్ కావాలన్నారు. 2021 ఫిబ్రవరి 15న అసలు పెద్ద మార్పు వచ్చింది. భారతీయ సంస్థలూ వ్యక్తులూ మ్యాపులు తయారుచెయ్యడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదన్నారు. ప్రపంచమంతా దొరుకుతున్న సమాచారాన్ని ఇక్కడ కట్టడి చెయ్యడంలో అర్థం లేదని ప్రభుత్వమే రాసింది. 1962 నుంచి లెక్కేసుకుంటే ఇంచుమించు అరవై ఏళ్ళు.

సరే, ఇప్పుడేం వేసుకోవాలి?

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు మన ముందున్న మ్యాపులు ఒక్కోటి ఈ కథలో ఒక్కో చోట పుట్టినవి. ఏదీ ఒక్కటే చాలదు. నా సలహా ఇది.

మొదటిది, అడుగున కాంటూర్లు. ఓపెన్‌టోపోమ్యాప్ వాళ్ళు దేశాలవారీగా గార్మిన్ జీపీఎస్‌లకి సరిపడే మ్యాపులు ఉచితంగా ఇస్తున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దారులు, ఉపగ్రహ డేటా నుంచి గీసిన కాంటూర్లు, రెండూ ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్ళు ఎంకేజీమ్యాప్ అనే జావా ప్రోగ్రాముతో తమ జిల్లాకి తామే తయారుచేసుకోవచ్చు. ఒక వారాంతం పని. మన బాలానగర్ ఎన్నారెస్సీ వాళ్ళ భువన్‌లో (2009లో మొదలైంది) కార్టోశాట్-1 నుంచి తీసిన 30 మీటర్ల ఎత్తుల డేటా కూడా ఉంది.

అయితే ఈ కాంటూర్ల బలహీనత తెలిసుండాలి. 40 మీటర్ల నిలువు బండ ఒకటుందనుకోండి. 90 మీటర్లకో పాయింటు ఉన్న డేటాలో అది 90 మీటర్ల దూరంలో 40 మీటర్లు దిగినట్టు కనిపిస్తుంది. అంటే 24 డిగ్రీల వాలు. చూసినవాడు "దిగొచ్చులే" అనుకుంటాడు. 30 మీటర్ల డేటాలో అదే 53 డిగ్రీలు. కాస్త భయపెడుతుంది, అయినా నిలువు బండ అని చెప్పదు. పైగా దట్టమైన అడవిలో ఎస్ఆర్‌టీఎం రాడార్ నేల దాకా వెళ్ళదు, చెట్ల కొమ్మల దగ్గరే ఆగిపోయి అదే ఎత్తు అంటుంది. కాబట్టి 90 మీటర్ల డేటాతో చేసిన మ్యాపు ఎవరైనా ఇస్తే, 10 మీటర్లకో కాంటూరు ఉంది కదా, ఎంత వివరంగా ఉందో అని మురిసిపోకండి. గీతలు ఎన్నైనా గీయొచ్చు, కొలిచింది అంతే.

రెండోది, సర్వే ఆఫ్ ఇండియా షీటు. నిలువు బండకి గుర్తు వేసేది, బావి ఎక్కడుందో చెప్పేది, వాగుకి పేరు రాసేది ఇదే. పీడీఎఫ్ దించుకుని, మీరు వెళ్ళే భాగాన్ని కోసి, మూలల అక్షాంశ రేఖాంశాలతో సరిచేసి జీపీఎస్‌లోకి బొమ్మగా ఎక్కించుకోవచ్చు. గార్మిన్‌లో 2009 నుంచి కస్టమ్ మ్యాప్స్ పేరుతో ఈ సౌకర్యం ఉంది. ఓపెన్ సిరీస్ షీటైతే డేటమ్ గొడవ లేదు. పాత షీటైతే పైన చెప్పిన ఎవరెస్టు సంగతి మర్చిపోవద్దు. సరిచేశాక, తెలిసిన గుడి దగ్గరో చెరువు తూము దగ్గరో నిలబడి స్క్రీను మీద బాణం గుర్తు అక్కడే ఉందో లేదో చూసుకోండి. ఐదు నిమిషాల యూనిట్ టెస్టు.

మూడోది, ఉపగ్రహ చిత్రం. కొత్త రోడ్డు, కొత్త క్వారీ, తగ్గిన చెరువు నీళ్ళు, ఇవి ఏ షీటులోనూ ఉండవు. బయల్దేరే ముందు ఇంట్లో చూసుకుంటే చాలు. నాలుగోది, కాగితం. బ్యాటరీ అయిపోని మ్యాపు అదొక్కటే.

ఇంకో మాట, అమెరికా నుంచి సామాను తెచ్చుకునేవాళ్ళకి. ఉత్త జీపీఎస్ రిసీవరు వేరు, ఉపగ్రహం ద్వారా మెసేజీలు పంపే పరికరం వేరు. రెండోది టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. ఎయిర్‌పోర్టుల్లో విదేశీయుల్ని పట్టుకున్న సందర్భాలున్నాయి. అలాగే టైగర్ రిజర్వులో నడవాలంటే మ్యాపు ఉంటే చాలదు, అటవీ శాఖ అనుమతి కావాలి.

మిగిలిన పని

ఇప్పుడు నా అభిప్రాయం. తాళం తీశారు, సంతోషం. కానీ తాళం వేసి ఉంచిన ఆ అరవై ఏళ్ళలో పోయిందేంటో ఎవరూ లెక్కెయ్యలేదు. మ్యాపు జనం చేతుల్లో తిరిగితేనే దాని తప్పులు బయటపడతాయి. బ్రిటన్‌లో కొండలెక్కేవాడు బాట తప్పుగా ఉంటే ఉత్తరం రాశాడు, తర్వాతి ముద్రణలో సరిచేశారు. మన షీటు బీరువాలో ఉంది కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. సాఫ్ట్‌వేర్‌లో అయినా అంతే, యూజర్లు లేని ప్రోగ్రాముకి బగ్ రిపోర్టులు రావు.

ఎత్తులు ఉపగ్రహం కొలుస్తుంది, మళ్ళీ మళ్ళీ కొలుస్తుంది. పేర్లు మాత్రం కొలవలేదు. నల్లమలలో ప్రతి పెంటకి, ప్రతి చెలమకి, ప్రతి మలుపుకి చెంచులు పెట్టుకున్న పేరుంది. వాటిలో కొన్ని టోపోషీట్లలోకి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో వంకరపోయి ఎక్కాయి, చాలా భాగం ఎక్కనే లేదు. ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఎండాకాలంలో కూడా నీళ్ళుండే చెలమ ఏదో ఏ రాడారుకీ కనిపించదు, వాళ్ళకి తెలుసు. దారి తప్పినవాడికి కాంటూరు కన్నా ఆ చెలమే ముఖ్యం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పేరుని తెలుగు లిపిలోనే రాయొచ్చు. ఈసారి కొండల్లోకి వెళ్ళినప్పుడు తోడొచ్చిన మనిషిని "దీన్నేమంటారు పెద్దాయనా?" అని అడిగి, ఒక వేపాయింటు కొట్టి, ఇంటికొచ్చాక ఎక్కించండి. ఒక్క చెలమ, ఒక్క వాగు, ఒక్క నిలువు బండ చాలు. 1819లో ఎల్లాపురం అడవిలో జెండా పట్టుకున్నవాడి పేరు ఎలాగూ రాసుకోలేదు. కనీసం ఈ అడవిలో దారి చూపించినవాళ్ళు చెప్పిన పేర్లైనా మ్యాపులో ఉండనిద్దాం.